డబ్బా మీద లేని ధర

చిట్టితల్లికి,



నువ్వు పంపిన మెసేజ్ నిన్న రాత్రి షాపు కట్టేశాక తీరిగ్గా చదివాను. నాన్న ఇరవై వేలు ఇస్తానన్నారనీ, మూడు ఫోన్లు అనుకున్నాననీ, వాటిలో కెమెరా దేనిది బాగుంటుందో చెప్పమనీ రాశావు. ఫోన్ చేసి రెండు ముక్కల్లో చెప్పేద్దామనుకున్నాను గానీ, ఇది నువ్వు దగ్గర పెట్టుకుని మళ్లీ చూసుకోవాల్సిన విషయం. ఆ ఇరవై వేలు మీ నాన్న ఎలా కూడబెట్టారో నాకు తెలుసు. అందుకే కూర్చుని రాస్తున్నాను.

హైదరాబాద్ జగదీశ్ మార్కెట్‌లో ఈ ఫోన్ రిపేరు బల్ల ముందు కూర్చోవడం మొదలుపెట్టి ఇరవై ఏళ్లు దాటింది. నేను పని నేర్చుకునే రోజుల్లో నోకియా 1100దే రాజ్యం. 2003లో వచ్చిన ఆ ఫోన్ ప్రపంచమంతా కలిపి 25 కోట్ల దాకా అమ్ముడైంది. తర్వాత మైక్రోమాక్స్ వచ్చింది, మన హైదరాబాద్ సెల్‌కాన్ వచ్చింది. 2014లో షావొమీ మన దేశంలో అడుగుపెట్టి, మరుసటి ఏడాదికల్లా శ్రీసిటీలో తయారు చేయించిన ఫోన్‌ను విశాఖపట్నంలో విడుదల చేసింది. వీటిలో కొన్ని ఇప్పుడు ఎవరి చేతిలోనూ కనిపించవు. ఎల్‌జీ అంతటి సంస్థ 2021లో ఫోన్ల వ్యాపారమే మానేసింది. ఇన్ని రాకపోకలు చూశాక, పేరు చూసి ఫోన్ కొనమని నేను ఎవరికీ చెప్పలేను. నా దగ్గర ఉన్న ప్రశ్న ఒక్కటే: ఇది నీ దగ్గర ఎన్నేళ్లు పనిచేస్తుంది, ఆ లెక్కన ఏడాదికి ఎంత పడుతుంది?

నువ్వు రాసిన వాటిలో రెండింటినే తీసుకుందాం. సీఎంఎఫ్ ఫోన్ 1 2024 జూలైలో 15,999 రూపాయలకు వచ్చింది. రెండు ఆండ్రాయిడ్ వెర్షన్లు, మూడేళ్ల సెక్యూరిటీ అప్‌డేట్లు ఇస్తామన్నారు. శాంసంగ్ గెలాక్సీ ఏ16 5జీ అదే ఏడాది అక్టోబర్‌లో 18,999కి వచ్చింది. దీనికి ఆరు వెర్షన్లు, ఆరేళ్ల సెక్యూరిటీ. మొదటి రోజే కొన్నవాడికి మొదటిది ఏడాదికి 5,333 పడుతుంది, రెండోది 3,167. డబ్బా మీద చవకగా కనిపించిందే వాడకంలో ఖరీదైంది.

అలాగని గుడ్డిగా రెండోది కొనేయకు. సీఎంఎఫ్‌లో చిప్ మెరుగు, ఫోన్ చురుగ్గా ఉంటుంది, విడుదలైనప్పుడు అక్కర్లేని యాప్‌లు నింపి ఇవ్వలేదు. వెనక కవర్ స్క్రూలు విప్పి మనమే మార్చుకోవచ్చు. రోజంతా హీట్ గన్‌తో జిగురు కరిగించి ఫోన్లు విప్పేవాణ్ని, అలాంటిది చూస్తే నాకు ప్రాణం లేచొస్తుంది. ఏ16 నిదానం. ఆరేళ్ల మాట ఇచ్చినా నాలుగో ఏడు వచ్చేసరికి నీకు విసుగు పుట్టొచ్చు. నాలుగేళ్లకే వదిలేసినా ఏడాదికి 4,750 అవుతుంది, అప్పటికీ తక్కువే. ఇంజనీరింగ్ నాలుగేళ్లూ ఒకే ఫోన్‌తో గడవాలన్నది నీ అవసరం కాబట్టి నా మొగ్గు దానివైపే.

ఇక్కడ చాలామంది ఒక చోట మోసపోతారు. ఆ అప్‌డేట్ల ఏళ్లను నువ్వు కొన్న రోజు నుంచి లెక్కపెట్టరు, మోడల్ మార్కెట్లోకి వచ్చిన రోజు నుంచి లెక్కపెడతారు. పండగ సేల్‌లో నాలుగు వేలు తగ్గించి ఇస్తున్నారంటే అది పాత మోడలై ఉంటుంది, దాని ఆయుష్షులో ఏడాదో రెండేళ్లో కరిగిపోయి ఉంటాయి. కాబట్టి ధరతో పాటు విడుదలైన నెల కూడా రాసుకుని లెక్కెయ్యి. ఆండ్రాయిడ్ వెర్షన్ వేరు, సెక్యూరిటీ అప్‌డేట్ వేరు, అది కూడా గుర్తుంచుకో. ప్రకటనలో పెద్ద అక్షరాలతో ఏది వేశారో చూసి, వేయని దాన్ని అడుగు.

అప్‌డేట్లకు ఎందుకింత ప్రాధాన్యం అంటావేమో. ఆండ్రాయిడ్‌లో దొంగలు దూరే సందులు ఎప్పటికప్పుడు బయటపడుతూనే ఉంటాయి. గూగుల్ క్రమం తప్పకుండా వాటిని పూడ్చి ఇస్తుంది. ఆ మరమ్మతు తిన్నగా నీ ఫోన్‌కి రాదు. ఫోన్ తయారుచేసిన కంపెనీ దాన్ని తన మోడల్‌కు కుదిర్చి, పరీక్షించి పంపాలి. ప్రతి మోడల్‌కూ మనుషుల్ని పెట్టి, జీతాలిచ్చి చేయించాల్సిన పని అది. ఏడాదికి డజన్ల కొద్దీ మోడళ్లు దింపే కంపెనీకి పాత వాటి మీద శ్రద్ధ ఉండదు. గూగుల్ 2023లో పిక్సెల్ 8కీ, శాంసంగ్ 2024లో గెలాక్సీ ఎస్24కీ ఏడేళ్లు ఇస్తామన్నాక మిగతావాళ్ల మీదా ఒత్తిడి పెరిగింది. అయినా నీ బడ్జెట్‌లో ఇంకా చాలా తేడాలున్నాయి. మోటోరోలా చేతికి ఎంతో సాఫీగా ఉంటుంది, కానీ జీ సిరీస్‌లో చాలావాటికి ఒకటో రెండో వెర్షన్లతో సరి. నీ స్కాలర్‌షిప్ పడే ఖాతా, యూపీఐ, డిజిలాకర్‌లో సర్టిఫికెట్లు అన్నీ ఆ ఫోన్‌లోనే ఉంటాయి. తలుపు గడియ ఊడిన ఇంట్లో బీరువా పెట్టుకుంటామా తల్లీ?

యాప్‌లు కూడా పాత సాఫ్ట్‌వేర్‌ను వదిలేస్తూ పోతాయి. 2025 జనవరి నుంచి ఆండ్రాయిడ్ కిట్‌క్యాట్ ఉన్న ఫోన్లలో వాట్సాప్ ఆగిపోయింది. ఆ వారంలో నా షాపుకి వచ్చిన పెద్దవాళ్లు ఫోన్ పాడైందనే అనుకున్నారు. ఫోన్లు చక్కగా ఉన్నాయి. వాటికి నేను చేయగలిగింది ఏమీ లేకపోయింది.

షావొమీ వాళ్ల రెడ్‌మీలో ప్రకటనలు ఎందుకొస్తాయని అడిగావు. షావొమీ అధిపతి లే జున్ 2018లో హార్డ్‌వేర్ మీద తమ నికర లాభం 5 శాతం దాటదని ప్రకటించాడు. వస్తువు మీద అంత తక్కువ తీసుకునే కంపెనీ మిగతాది సేవల మీదా, ప్రకటనల మీదా రాబట్టుకుంటుంది. అందులో దాపరికం లేదు. ఆ ధరకి ఆ హార్డ్‌వేర్ దొరకడం నిజంగా మేలే. సెట్టింగ్స్‌లో ఓ అరగంట కూర్చుంటే చాలా ప్రకటనలు ఆపెయ్యొచ్చు. ఇక రియల్‌మీ ఒప్పో ఇంట్లో పుట్టింది, ఐకూ వివోది, పోకో షావొమీది. షోరూమ్‌లో వరసగా పేర్చిన పేర్లన్నీ వేర్వేరనుకుని తల బద్దలు కొట్టుకోకు.

ఏ బ్రాండ్ పాడవదు అని నన్ను రోజూ ఎవరో ఒకరు అడుగుతారు. నా బల్ల మీదకు రాని బ్రాండ్ లేదమ్మా. ఎక్కువగా వచ్చేవి పగిలిన డిస్‌ప్లేలు, అరిగిన ఛార్జింగ్ పిన్‌లు, ఉబ్బిన బ్యాటరీలు. వీటిలో మొదటి రెండింటికీ కంపెనీ కన్నా మన చెయ్యే ఎక్కువ కారణం. నువ్వుండే కాకినాడలో సముద్రపు గాలి ఛార్జింగ్ పిన్‌కి పనికిరాదు, తడి చేతుల్తో ఛార్జర్ పెట్టకు. నన్ను బాధపెట్టేది మాత్రం గ్రీన్ లైన్. అమోలెడ్ తెర మీద, ఫోన్ కింద పడకుండానే, ఓ ఉదయం నిలువుగా పచ్చ గీత పడుతుంది. డిస్‌ప్లే కాంబో మార్చడం తప్ప దారి లేదు, దాని ఖరీదు ఒక్కోసారి ఫోన్ ధరలో సగం దాకా పోతుంది. వారంటీ ముగిసిన మరుసటి నెలలో ఆ గీతతో వచ్చినవాళ్ల ముఖాలు నాకు గుర్తున్నాయి.

అందుకని కొనే ముందు ఒక పని చెయ్యి. కాకినాడలో ఆ కంపెనీ సర్వీస్ సెంటర్ ఎక్కడుందో కనుక్కుని, స్వయంగా వెళ్లి, ఆ మోడల్‌కి డిస్‌ప్లే ఎంత, బ్యాటరీ ఎంత, విడిభాగం రావడానికి ఎన్ని రోజులు అని అడుగు. బయట కూర్చున్నవాళ్లని కూడా అడుగు, వాళ్లు నిజం చెబుతారు. సమాధానం సరిగ్గా రాకపోతే ఆ ఫోన్ ఎంత అందంగా ఉన్నా వదిలెయ్. కొన్నాక ఇబ్బంది వస్తే, కంపెనీ పట్టించుకోకపోతే, 1915 జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. బిల్లు మాత్రం భద్రంగా ఉండాలి.

కెమెరా గురించి నువ్వు ముందడిగావు, నేను చివర్లో చెబుతున్నాను. నాలుగు కళ్లున్నాయని మురిసిపోకు. ఈ ధరలో ఆ 2 మెగాపిక్సెల్ డెప్త్, మాక్రో కెమెరాలు లెక్క పెంచడానికే. అలాగే 8+8 జీబీ ర్యామ్ అని రాస్తే రెండో ఎనిమిది ర్యామ్ కాదు, స్టోరేజ్‌లోంచి అరువు తెచ్చింది. స్టోరేజ్ ఈఎంఎంసీనా యూఎఫ్ఎస్‌నా అని అడుగు. ఈఎంఎంసీ నెమ్మది రకం, నిండేకొద్దీ ఇంకా నీరసపడుతుంది.

రూమ్‌మేట్ పాత ఐఫోన్ ఇప్పిస్తానందన్నావు. తప్పు మాట కాదు. 2015లో వచ్చిన ఐఫోన్ 6ఎస్‌కు 2021లో ఐఓఎస్ 15 కూడా వచ్చింది, అంత నమ్మకంగా నడిపించినవాళ్లు అప్పట్లో లేరు. కానీ బిల్లు లేకుండా ముట్టుకోవద్దు. బ్యాటరీ హెల్త్ చూడు, కొత్త మోడళ్లలో ఏ భాగం మార్చారో అబౌట్‌లో కనిపిస్తుంది. స్టార్ హాష్ 06 హాష్ కొట్టి ఐఎంఈఐ నంబర్ తీసుకుని, కేవైఎం అని రాసి, ఖాళీ వదిలి, ఆ నంబర్‌తో 14422కి ఎస్సెమ్మెస్ పంపు. పోయిందని ఫిర్యాదు చేసి బ్లాక్ చేయించిన ఫోన్ అయితే బ్లాక్‌లిస్ట్‌లో ఉందని తెలిసిపోతుంది.

మొన్న ఒకాయన చచ్చిన మదర్‌బోర్డు పట్టుకుని వచ్చాడు. ఫోన్ వద్దు, లోపల మా నాన్నగారి గొంతు ఉంది, అదొక్కటి తీసివ్వండి అన్నాడు. రెండు రోజులు మైక్రోస్కోప్ కింద తల వంచుకుని కూర్చున్నాను. రాలేదు.

నీ పాత ఫోన్ ఎక్స్ఛేంజ్‌లో ఇచ్చెయ్యకు. అమ్మమ్మ పంపిన వాయిస్ మెసేజ్‌లు అందులో ఉన్నాయని మీ అమ్మ చెప్పింది. దసరాకి వచ్చేటప్పుడు పట్టుకురా, కొత్తది కొనే లోపల వాటిని రెండు చోట్ల దాచిపెడదాం. నేనూ విని చాలాకాలమైంది.

మీ మామయ్య