ఆమ్లాలు – క్షారాలు – తటస్థీకరణం

నిమ్మకాయలో సిట్రిక్ ఆమ్లం, చింతపండులో టార్టారిక్ ఆమ్లం, పెరుగులో లాక్టిక్ ఆమ్లం ఉంటాయి. వాటి పులుపుకు కారణం ఈ ఆమ్లాలే. మన జీర్ణాశయంలో హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఉంటుంది. సున్నపు నీరు, చాకలి సోడా ద్రావణం, సబ్బు నీరు క్షార గుణం కలవి. నీటిలో కరిగే క్షారాలను ఆల్కలీలు అంటారు.

ఆమ్లం నీలి లిట్మస్‌ను ఎరుపుగా, క్షారం ఎర్ర లిట్మస్‌ను నీలంగా మారుస్తాయి. ఆమ్ల, క్షార బలాలను అంకెల్లో చెప్పే పిహెచ్ స్కేలును 1909లో డెన్మార్క్ శాస్త్రవేత్త సోరెన్‌సెన్ ప్రవేశపెట్టాడు. ఇందులో 7 తటస్థం. అంతకు తక్కువైతే ఆమ్లం, ఎక్కువైతే క్షారం.

దిష్టి నీళ్ళలో రసాయనశాస్త్రం

గ్లాసెడు నీటిలో చిటికెడు పసుపు కలపండి. దానిలో సున్నపు తేటను కొద్దికొద్దిగా పోస్తే నీరు ఎర్రబడుతుంది. మన పెద్దలు దిష్టి తీసే ఎర్ర నీళ్ళు ఇవే! ఇప్పుడు నిమ్మరసాన్ని చుక్కచుక్కగా వేస్తూ కలపండి. ఎరుపు పోయి తిరిగి పసుపు రంగు వస్తుంది. నిమ్మరసంలోని ఆమ్లం సున్నాన్ని తటస్థీకరించిందన్నమాట. తెల్ల చొక్కా మీది సాంబారు మరకకు సబ్బు రుద్దితే ఎర్రబడేదీ ఇందుకే. పసుపు క్షారాన్ని చూపే సూచిక. అయితే అది ఆమ్లంలోనూ, మామూలు నీటిలోనూ పసుపుగానే ఉంటుంది కనుక ఆమ్లాన్ని గుర్తించడానికి లిట్మస్ కావాలి.

తటస్థీకరణం అంటే?

ఆమ్లం + క్షారం → లవణం + నీరు

ఉదా: హైడ్రోక్లోరిక్ ఆమ్లం + సోడియం హైడ్రాక్సైడ్ → సోడియం క్లోరైడ్ + నీరు

36.5 గ్రాముల ఈ ఆమ్లానికి 40 గ్రాముల సోడియం హైడ్రాక్సైడ్ సరిపోతుంది. 58.5 గ్రాముల ఉప్పు, 18 గ్రాముల నీరు వస్తాయి. ఎటు కూడినా 76.5 గ్రాములే. ఆమ్లంలోని హైడ్రోజన్ అయాన్, క్షారంలోని హైడ్రాక్సైడ్ అయాన్ కలిసి నీరవుతాయి. అప్పుడు సుమారు 57 కిలోజౌళ్ళ వేడి పుడుతుంది. అది లీటరు నీటిని 13 డిగ్రీలకు పైగా వేడెక్కించగలదు.

ఒంటి మీద పడితే?

ఆమ్లం పడినచోట సున్నమో, సోడానో పూస్తే విరుగుడవుతుందని చాలామంది అనుకుంటారు. అది పొరపాటు. పైన చెప్పిన వేడి చర్మం మీదే పుట్టి గాయం పెరుగుతుంది. పైగా సున్నం కూడా చర్మాన్ని కాలుస్తుంది. కాబట్టి మిత్రులారా, ఇవి మరువకండి:

1. తడిసిన బట్టలు వెంటనే తీసేసి, కుళాయి కింద కనీసం 20 నిమిషాలు ధారగా నీళ్ళు పోయాలి. కంట్లో పడినా ఇదే పద్ధతి. ఆ తర్వాత ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించాలి.

2. గాఢ ఆమ్లాన్ని పలుచన చేసేటప్పుడు ఆమ్లాన్నే నీటిలో కొంచెం కొంచెంగా పోయాలి. ఆమ్లంలో నీరు పోయరాదు.

3. మరుగుదొడ్లు కడిగే యాసిడ్‌ను బ్లీచింగ్ పౌడర్‌తో ఎన్నడూ కలపరాదు. విషపూరితమైన క్లోరిన్ వాయువు వెలువడుతుంది.