ఎన్నో రోజు జ్వరమో రాసిపెట్టుకోండి

ప్రశ్న: డాక్టరు గారూ, మాది మైపాడు దగ్గర పల్లెపాలెం. మా అబ్బాయికి పదహారేళ్లు. జ్వరం తగ్గకపోతే ఆరో రోజున ఒక ల్యాబ్‌లో కార్డు పరీక్ష చేయించాం. డెంగీ లేదన్నారు. రెండు రోజుల తర్వాత నీరసంతో లేవలేకపోతే ఆసుపత్రికి తీసుకుపోయాం. డెంగీయే అన్నారు. దేవుడి దయవల్ల ఇప్పుడు బాగున్నాడు. మరి ఆ కార్డు అబద్ధం చెప్పినట్టేనా?
- ఒక తల్లి, ఇందుకూరుపేట మండలం

జవాబు: బాబు కోలుకున్నాడని చదివి మనసు కుదుటపడిందమ్మా. మీ ఉత్తరంలో అసలు కీలకం ‘ఆరో రోజున’ అన్న మాట.

డెంగీ వైరస్ ఒంట్లో పెరిగేటప్పుడు ఎన్‌ఎస్1 అనే ప్రోటీన్‌ను రక్తంలోకి వదులుతుంది. జ్వరం వచ్చిన మొదటి రోజు నుంచే అది దొరుకుతుంది. ఐదో రోజు దాటేసరికి తగ్గిపోతుంది. ఆపైన వెతకాల్సింది ఐజీఎం యాంటీబాడీలను, అంటే వైరస్ మీదికి మన శరీరం తయారుచేసుకున్న రక్షణను. మీవాడికి చేసింది ఎన్‌ఎస్1 కార్డు ఒక్కటే అయితే ఆరో రోజున నెగటివ్ రావడంలో వింతేమీ లేదు. ఇంతకుముందు ఒకసారి డెంగీ వచ్చిపోయిన వాళ్లలో ఎన్‌ఎస్1 ఇంకా తొందరగా కనుమరుగవుతుంది. పైగా రెండోసారి వచ్చే డెంగీయే ఎక్కువగా ముదురుతుంది. నన్ను బాగా కలవరపెట్టే సంగతి ఇది.

ఆ చిన్న ప్లాస్టిక్ కార్డు కూడా ఒక బయోసెన్సరే. యాంటీబాడీ, ఎంజైమ్ వంటి జీవపదార్థంతో ఒక వస్తువును గుర్తుపట్టి, ఆ సంగతిని గీతగానో అంకెగానో మనకు చూపించే పరికరాలన్నీ ఆ కోవలోవే. షుగరు చూసుకునే గ్లూకోమీటరుకు పునాది వేసింది 1962లో లీలండ్ క్లార్క్ చెప్పిన ఎంజైమ్ ఎలక్ట్రోడే. డెంగీ కార్డులో రక్తపు చుక్క కాగితం వెంట పాకుతూ పోతుంది. కంటికి ఆనని బంగారు రేణువులకు అతికించిన యాంటీబాడీలు దారిలో ఎన్‌ఎస్1ను పట్టుకుంటాయి. ‘టీ’ అన్న చోట అవన్నీ ఆగి గుమిగూడితే ఎర్రగీత పడుతుంది. ఆ ఎరుపు బంగారానిదే. ‘సీ’ దగ్గర గీత రాకపోతే కార్డు పనిచేయలేదని అర్థం, దాన్ని నెగటివ్‌గా చదవకూడదు. ‘టీ’ గీత లేతగా కనబడినా పాజిటివే. అయితే చెప్పిన సమయం దాటాక తేలిన గీతను లెక్కలోకి తీసుకోవద్దు.

ఈ చుక్కలో, ఈ పూట, ఆ ప్రోటీన్ పట్టుబడేంత ఉందా? కార్డు చెప్పగలిగింది అంతవరకే. పిల్లవాడికి డెంగీ ఉందా లేదా అన్నది అంతకంటే పెద్ద ప్రశ్న. అందుకే ప్రభుత్వ నిబంధనల ప్రకారం కార్డులో పాజిటివ్ వచ్చినా అది అనుమానపు కేసే. నిర్ధారణకు ఎలీసా అనే ల్యాబ్ పద్ధతిలో ఐదో రోజు వరకు ఎన్‌ఎస్1, ఆ తర్వాత ఐజీఎం పరీక్ష చేయాలి. జ్వరం మొదలైన తేదీని క్యాలెండరు మీద రాసిపెట్టండి. ల్యాబ్‌కు వెళ్లగానే ముందు ఆ తేదీ చెప్పి, ఏ పరీక్ష చేస్తున్నారో అడగండి.

సముద్రపు గాలి తేమ కార్డుకు శత్రువు. రేకు కవరును మీ ఎదుటే చించాలి. ముందే విప్పి బల్ల మీద పెట్టిన కార్డును ఒప్పుకోకండి.

కార్డు ఏం చెప్పినా సరే, జ్వరం దిగుతున్న రోజుల్లో బిడ్డను కనిపెట్టుకుని ఉండాలి. మూడో రోజు నుంచి ఏడో రోజు మధ్య, జ్వరం తగ్గిందని ఇంట్లోవాళ్లు నిశ్చింతగా ఉన్నప్పుడే ప్రమాదం ముంచుకొస్తుంది. విడవని కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచో ముక్కు నుంచో రక్తం, మత్తుగా పడి ఉండటం, మూత్రం తగ్గిపోవడం, వీటిలో ఏ ఒక్కటి కనబడినా ఆసుపత్రికి బయలుదేరండి. జ్వరానికి పారాసెటమాల్ చాలు. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్, ఆస్పిరిన్ వద్దు. నొప్పులకని సూది మందు అసలే వేయించకండి.

ఇంకొక్క మాట. మీ వైపు బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయని మంచినీళ్లు డ్రమ్ముల్లో పట్టి ఉంచుతారు. డెంగీ దోమకు అలా నిలవ ఉన్న మంచినీళ్లంటేనే ఇష్టం. డ్రమ్ము ఖాళీ చేసినా లోపలి గోడకు అంటుకున్న గుడ్లు నెలల తరబడి బతికే ఉంటాయి. వారానికోసారి పీచుతో గోడలు గట్టిగా రుద్ది కడగండి.

ప్రశ్న: రొయ్య పిల్లలను చెరువులో వదిలే ముందు వైట్ స్పాట్ కోసం పీసీఆర్ చేయిస్తాం. మనుషులక్కూడా జబ్బు పడకముందే అలా చూసుకునే వీలుందా? స్మార్ట్ వాచీ వైరస్‌ను ముందే పసిగడుతుందని మావాడు చెబుతున్నాడు. వైట్ స్పాట్ మనకు అంటుతుందా?
- ఒక ఆక్వా రైతు, ముత్తుకూరు

జవాబు: అంటదు. అది రొయ్యలు, పీతల వంటి వాటి జబ్బు, మనుషులకు సోకదు. చెరువు పనిలో మీరు జాగ్రత్తపడాల్సింది ఎలుకల మూత్రం కలిసిన నీటి ద్వారా వచ్చే లెప్టోస్పైరోసిస్ గురించి. అది బ్యాక్టీరియా. కాళ్లకు చేతులకు కోసుకున్న గాయాలుంటే సులువుగా లోపలికి పోతుంది. జ్వరం వస్తే చెరువులో దిగిన సంగతి డాక్టరుకు తప్పకుండా చెప్పండి.

వాచీకి వైరస్ కనబడదు. దానికి తెలిసేది గుండె వేగం, నిద్ర, నడక. 2020లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు కొవిడ్ సోకిన 32 మంది వాచీల లెక్కలు చూశారు. 26 మందిలో మార్పు కనబడింది, కొందరిలో లక్షణాలు బయటపడకముందే. ఆశ కలిగించే ఫలితమే. కానీ ఏరియేటర్లు ఆగకుండా చూసుకుంటూ రాత్రంతా గట్టు మీద మేలుకున్నా మీ గుండె వేగం పెరుగుతుంది. వాచీ తేడా చూపితే విశ్రాంతి తీసుకోండి, జ్వరం ఉందేమో చూసుకోండి. దాన్ని పట్టుకుని మందులు మింగకండి.

ఆరోగ్యంగా ఉన్నవాళ్లందరికీ పరీక్ష చేస్తే ఏమవుతుందో ఒక లెక్క చూడండి. వెయ్యి మందిలో ఇద్దరికే జబ్బు ఉందనుకుందాం. జబ్బు లేనివాళ్లలో నూటికి తొంభైతొమ్మిది మందికి సరిగ్గా ‘లేదు’ అని చెప్పే మంచి కార్డే అయినా, సుమారు పది మందికి లేని జబ్బును అంటగడుతుంది. రొయ్య పిల్లల్లో అనుమానం వస్తే ఆ బ్యాచ్‌ను వద్దంటారు. మనిషిని అలా పక్కన పెట్టలేం కదా.

ప్రశ్న: కొవిడ్ రోజుల్లో నాకు ర్యాపిడ్‌లో నెగటివ్, ఆర్టీపీసీఆర్‌లో పాజిటివ్ వచ్చింది. ఏది నమ్మాలి?
- ఒక ఉపాధ్యాయుడు, అల్లూరు

జవాబు: పాజిటివ్‌నే నమ్మాలి. ‘ర్యాపిడ్’ అన్న పేరుతో రెండు రకాలు వచ్చాయి. 2020 ఏప్రిల్‌లో రాష్ట్రం కొరియా నుంచి తెప్పించిన లక్ష ర్యాపిడ్ కిట్లు యాంటీబాడీలను చూసేవి. వైరస్‌ను నేరుగా చూసే యాంటీజెన్ కార్డులకు జూన్‌లో ఐసీఎంఆర్ అనుమతి వచ్చింది. అప్పటి పరీక్షల్లో ఆ కార్డు జబ్బు ఉన్నవాళ్లలో పట్టుకున్నది 50.6 నుంచి 84 శాతం. జబ్బు లేనివాళ్లకు పొరపాటున ‘ఉంది’ అనడం మాత్రం నూటికి ఒకరిలో కూడా లేదు. అందుకే లక్షణాలుండి నెగటివ్ వస్తే ఆర్టీపీసీఆర్ చేయాలన్నారు. ఆర్టీపీసీఆర్ వైరస్ జన్యుపదార్థాన్ని కోట్ల రెట్లు పెంచి వెతుకుతుంది, కార్డుకు ఆ వసతి లేదు. ఈ రెంటి మధ్య దూరం తగ్గించే ప్రయత్నాలు మన దేశంలోనే జరిగాయి. ఢిల్లీలోని ఐజీఐబీ శాస్త్రవేత్తలు క్రిస్పర్ పద్ధతిలో తయారుచేసిన ఫెలూడా కాగితపు పరీక్షకు 2020 సెప్టెంబరులో అనుమతి దొరికింది.

ప్రశ్న: మా నాన్న వేట నుంచి వచ్చాక దగ్గుతున్నాడని ఆక్సీమీటరు పెడితే 88 చూపించింది. భయపడాలా?
- ఒక యువకుడు, జువ్వలదిన్నె

జవాబు: ఆక్సీమీటరు వైరస్‌ను చూడదు, రక్తంలో ఆక్సిజన్‌ను వెలుతురుతో లెక్కిస్తుంది. తడిసి చల్లబడిన వేళ్లలో రక్తం సరిగ్గా ఆడక అంకె తప్పుగా పడుతుంది. చెయ్యి తుడిచి, రుద్ది వెచ్చబరిచి, కూర్చోబెట్టి, వేరే వేలికి పెట్టండి. అంకె కదలకుండా నిలబడేదాకా ఆగి చదవండి. అప్పటికీ 94 కంటే తక్కువ ఉంటే మూడోసారి చూస్తూ కూర్చోవద్దు, 108కి ఫోన్ చేయండి. మనిషి ఆయాసపడుతుంటే మాత్రం అంకె ఎంతున్నా ఆగకండి.