వంగడం, లొంగడం

ఇంగ్లిషులో ‘సపుల్’ అని ఒక మాట ఉంది. వెదురుబద్దలా సులువుగా వంగేదాన్ని అలా అంటారు. ఓ సాయంత్రం తెనాలిలో రేపల్లె ప్యాసింజర్ ఎంతకీ కదలకపోతే నిఘంటువు తిరగేశాను. దాని మూలం లాటిన్ ‘సప్లెక్స్’. మోకరిల్లి వేడుకునేవాడని అర్థం! ఫ్రెంచిలోకి వచ్చి అణకువ అయింది, ఆ తర్వాతే ఒంటి ఒడుపు. ‘ఫ్లెక్సిబుల్’ నయం, దాని మూలానికి వంచడమనే తప్ప వేడుకోలు లేదు.

నవ్వొచ్చింది, వెంటనే సిగ్గేసింది. పదేళ్ళు నేను ఆ పాత లాటిన్ అర్థంలోనే బతికాను. ఆఫీసులో ఆదివారం రమ్మన్నా ‘అలాగేనండి’. పట్టువిడుపులు తెలిసిన మనిషినని మెచ్చుకునేవారు. పట్టు ఏదీ? అంతా విడుపే! ఆ కసి ఇంట్లో కంచం మీద చూపించేవాణ్ణి.

మన భాషలో వంగడమంటే పంట రకం కూడా. బాపట్ల పరిశోధన కేంద్రం ఇచ్చిన వరి వంగడమే బీపీటీ 5204, 1986లో విడుదలైన సాంబమషూరి. కంకి బరువెక్కాక తుఫాను గాలి తగిలితే చేను చాప పరిచినట్టు పడిపోతుంది. వంగి లేచిన చేనుకూ నీళ్ళలో పడుకున్న చేనుకూ తేడా రైతుకు తెలుసు. పడ్డ దుబ్బుల్ని లేపి కట్టలు కడతాడు, గింజ మొలకెత్తకుండా లీటరుకు 50 గ్రాముల లెక్కన ఉప్పునీళ్ళు కొడతాడు.

నన్ను లేపి కట్టింది ఒక నోటుపుస్తకం. పేజీ మధ్యలో గీత, ఎడమన ‘వంగాను’, కుడిన ‘లొంగాను’. రాత్రి భోజనమయ్యాక రాయాలి, టీవీ ముందు కాదు. నాకంటే ఇరవై ఏళ్ళు చిన్నవాడి దగ్గర కొత్త సాఫ్ట్‌వేర్ నేర్చుకుంటే ఎడమ. చూడని బిల్లు మీద సంతకం పెడితే కుడి. మొదటి వారమంతా కుడివైపే నిండింది. ఎడమన ఒక్కటే: కూరలో ఉప్పు తక్కువైనా తిన్నాను. అదీ లొంగడమే అంది మా ఆవిడ.

స్టీవెన్ హేస్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త చెప్పేదీ దాదాపు ఈ ఎడమవైపు వంగడమే: మనకు విలువైనదాన్ని వదలకుండా పద్ధతి మార్చుకోవడం. మీరేమో మొండితనాన్ని ఆత్మగౌరవమనీ, భయాన్ని సర్దుబాటనీ పిలుచుకుంటున్నారు. మానండి! నావల్ల అయింది, మీవల్ల కాదా? ధ్యానం, నడక, ‘ఆలోచించి చెబుతా’ అనడం... అన్నీ మంచివే, చేయండి. పుస్తకం మాత్రం ఈ రాత్రే మొదలెట్టండి.

మొన్న శనివారం ఆఫీసు నుంచి ఫోను, ఆదివారం రమ్మని. “సోమవారం ఓ గంట ముందొస్తానండి” అన్నాను. అవతల కాసేపు చప్పుడు లేదు. తర్వాత “సరే” అన్నారు. ఎటువైపు రాయాలో తేలక ఆ పేజీ ఇంకా ఖాళీగానే ఉంది.