బిడ్డ తల్లి ఒడికి తిరిగి చేరాలంటే

హజ్రత్ మూసా (అలైహిస్సలాం) తల్లి తన పసికందును నదిలో వదలవలసి వచ్చిన వృత్తాంతం దివ్యఖుర్ఆన్‌లోని ఖసస్ సూరాలో ఉంది. ఆ తల్లి కళ్లు చల్లబడాలని, ఆమె దుఃఖించకూడదని అల్లాహ్ ఆ బిడ్డను తిరిగి ఆమె వద్దకే చేర్చాడని 13వ ఆయత్ తెలుపుతోంది. పాలిచ్చినందుకు ఫిరౌన్ ఇంటి నుండి ఆమెకు ప్రతిఫలం కూడా ముట్టిందని వ్యాఖ్యాతలు రాశారు. అంటే బిడ్డతోపాటు పోషణకు ఆసరా కూడా లభించిందన్నమాట. ఈ రెండూ కలిసి రావాలన్నదే నేటి మన పాఠం.

పేదరికం నేరం కాదు

భర్త చనిపోయో, వదిలేసో, మంచాన పడో పూట గడవని తల్లులు ఉన్నారు. అలాంటివారి పిల్లలు కొందరు బాలసదనాల్లో, మరికొందరు తాత్కాలికంగా పెంచే కుటుంబాల్లో ఉంటారు. "కన్నపిల్లల్ని వదిలేసింది" అని మనం తేలిగ్గా అనేస్తాం. వదిలేసిందా, వదలవలసి వచ్చిందా అని అడగం.

తల్లీబిడ్డలను విడదీసేవాణ్ణి ప్రళయదినాన అల్లాహ్ అతని ఆత్మీయుల నుండి విడదీస్తాడని దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) హెచ్చరించారు (తిర్మిజీ). యుద్ధఖైదీల విషయంలో సహచరులు దీన్ని గుర్తు చేసేవారు. కేవలం పేదరికం కారణంగా బిడ్డను కన్నవారి నుండి వేరు చేయరాదని 2009లో ఐక్యరాజ్యసమితి కూడా మార్గదర్శకాలు ఇచ్చింది.

ప్రభుత్వం ఇచ్చే ఆసరా

మన దేశంలో 2015 నాటి బాలల న్యాయ చట్టం ప్రకారం, పిల్లలను సదనంలో ఉంచడం చిట్టచివరి మార్గం. ఆ చట్టంలోని 45వ సెక్షన్ 'స్పాన్సర్‌షిప్' అనే సహాయాన్ని పేర్కొంది. 2022 నాటి మిషన్ వాత్సల్య మార్గదర్శకాల్లో ఈ సహాయం ఒక్కో బిడ్డకు నెలకు 4,000 రూపాయలు. కుటుంబ ఆదాయం పల్లెల్లో ఏడాదికి 72,000, ఇతర చోట్ల 96,000 రూపాయలు మించరాదు. బిడ్డ ఇల్లు వదలకుండా ఆపడానికే కాదు, సదనం నుండి ఇంటికి తిరిగి వచ్చిన బిడ్డను నిలబెట్టడానికి కూడా ఈ సహాయం ఉద్దేశించబడింది. దీనికి జిల్లా బాలల సంరక్షణ విభాగంలో దరఖాస్తు చేసుకోవాలి. బిడ్డను ఇంటికి పంపే నిర్ణయం బాలల సంక్షేమ కమిటీది. ఇంట్లో కొట్టడం, హింసించడం ఉంటే డబ్బుతో ఆ లోటు తీరదు. అక్కడ బిడ్డ భద్రతే ముందు.

మన బాధ్యత

మహారాష్ట్ర సరిహద్దున ఉన్న డోంగ్లి వంటి మండలం నుండి కామారెడ్డి జిల్లా కేంద్రానికి పోయి రావాలంటే కూలికి పోయే తల్లికి ఆ రోజు కూలి పోతుంది, చార్జీలు అదనం. ఆదాయ ధ్రువపత్రం, ఆధార్, బ్యాంకు ఖాతా అంటూ మళ్లీ మళ్లీ తిరగాలి. మంజూరైన డబ్బు చేతికందేలోగా బిడ్డ ఇంటికి వస్తే ఆ రోజుల్లో వంట ఎలా?

ఇక్కడే మస్జిద్ జమాఅత్ ముందుకు రావాలి. తౌబా సూరా 60వ ఆయత్‌లో జకాత్‌కు హక్కుదారులుగా పేర్కొన్న ఎనిమిది వర్గాల్లో మొదటివారు ఫకీర్లు, మిస్కీన్లు. హక్కుదారైన తల్లికి జకాత్ సొమ్మును ఆమె సొంతమయ్యేలా చేతికివ్వాలి. బియ్యం, ఇంటి అద్దె, చార్జీలు ఆమె చూసుకుంటుంది. తన తల్లిదండ్రులకు, తన సంతానానికి జకాత్ ఇవ్వకూడదు. పేద అక్కాచెల్లెళ్లకు, అన్నదమ్ములకు ఇవ్వవచ్చు. బంధువుకిచ్చే దానంలో రెండు పుణ్యాలున్నాయి: ఒకటి దానానిది, మరొకటి బంధుత్వాన్ని నిలిపినందుకు (తిర్మిజీ, నసాయీ). జకాత్‌కు అర్హత లేనిచోట సదకా ఇవ్వండి. చదువు వచ్చిన యువకుడొకరు వెంట వెళ్లి దరఖాస్తు నింపినా అది సేవే.

అయితే ఇచ్చి ఎత్తిపొడవడం, ఫోటోలు తీసి నలుగురికీ చూపడం వద్దు. ఎత్తిపొడుపుతో దానం వృథా అవుతుందని బఖరా సూరా 264వ ఆయత్ హెచ్చరిస్తోంది. ఇన్నాళ్లూ బిడ్డను సాకిన కుటుంబానికి కూడా కృతజ్ఞత తెలపాలి.

మన వీధిలో అలాంటి తల్లి ఉందేమో ఈ జుమా తర్వాత ఒకరినొకరం అడుగుదాం. విడిపోయిన బిడ్డలను తల్లుల ఒడికి చేర్చే పనిలో అల్లాహ్ మనల్ని సాధనంగా చేయుగాక! ఆమీన్.