పింగాణీ కప్పు చెప్పే చరిత్ర

విద్యార్థులారా! పాత వస్తువుల సేకరణ ధనవంతుల విలాసం మాత్రమే కాదు. ఇంటి అల్మారాలోని కప్పును దీపానికి ఎదురుగా పట్టండి. వెనుకనున్న వేళ్ల నీడ కనిపించినచో అది పలుచని పింగాణీ. పిదప బోర్లించి అడుగు ముద్రను చదవండి. ఉదాహరణకు, జపాన్ ఎగుమతి పాత్రలపై ‘నిప్పాన్’ అనే ముద్ర సాధారణంగా 1891–1921 నాటిది. ‘ఆక్రమిత జపాన్’ అని ఆంగ్లంలో ఉన్నచో, ఆ దేశం యుద్ధంలో ఓడి పరుల ఏలుబడిలో ఉన్న కాలపుది. 1952తో అది ముగిసింది. అయితే ముద్రలకూ నకళ్లు కలవు. కనుక సాలార్‌జంగ్ మ్యూజియంలోని అసలు పాత్రలను చూచి కంటికి సాధన కల్పించాలి.

బొంతపల్లిలో మా దాదీమా కప్పు పాత సామానులో పోయింది. దాని అడుగును నేను ఒక్కసారైనా చూడలేదు. మీరు ముందుగా పెద్దలనడిగి, ఏ కప్పు ఎవరిదో వ్రాసి ఉంచండి.