‘కుంటు’ అను మాట

మనము దినదినము వాడు మాటలలో కొన్నిటి బలము మనకే తెలియదు. అట్టి మాటలలో ‘కుంటు’ ఒకటి. చదువరులు కొంచెము ఓపికతో దీని వాడుకలను మాతో కూడ పరిశీలింతురుగాక.

ఒక కాలు నొచ్చియో, సన్నగిలియో యున్నపుడు బరువును రెండవకాలిపై మోపి నడచుట కుంటుట. అలసినవాడు కాళ్లీడ్చును, తల తిరిగినవాడు తూలును, లేచి నిలువలేనివాడు దేకును, నడక నేర్చు శిశువు తప్పటడుగులు వేయును. వీనిలో ఒకదానికి బదులు మఱియొకటి వాడిన అర్థము చెడును. తొక్కుడుబిళ్ల యాటలో పిల్లలు ఒంటికాలితో గెంతుటయు కుంటుటయే. అక్కడ నొప్పి లేదు, నవ్వే కలదు.

నడకనుండి యీ మాట పనులకు ప్రాకినది. సొమ్ము చాలక వెనుకబడిన కట్టడము ‘కుంటుపడినది’. నిలువలేని నెపము ‘కుంటిసాకు’. పాఠము చదువక వచ్చి, పుస్తకము కనబడలేదనుట అట్టిదే.

పాతబస్తీలో చార్మినారునుండి పత్తర్‌గట్టి వఱకు నడచినవారికి పలు భాషలు చెవిని బడును. కన్నడిగులును మనవలెనే ‘కుంటు’ అందురు. ఉర్దూవారు కుంటివానిని ‘లంగ్డా’ అందురు. పారసీకమున ‘లంగ్’ అన్నను అదియే యర్థము. 1398లో ఢిల్లీని కొల్లగొట్టిన తైమూరునకు ఈ మాట పేరులో నిలిచి, ‘తైమూరు లంగ్’ అయ్యెను. అతడు 1405లో మరణించెను. 1941లో సమర్ఖండులోని సమాధిని తెఱచి చూడగా, అతని కుడికాలు నిజముగా అవిటిదని తేలెను. అన్ని రాజ్యములు గెలిచినవాడును ఆ యొక్క మాటను వదిలించుకొనలేకపోయెను.

ఇందొక భేదము గుర్తింపవలెను. ‘కుంటుచున్నాడు’ అనునది క్రియ. అది నడకను మాత్రము తెలుపును. ‘కుంటివాడు’ అనునది పేరు. అది మనిషికి అంటుకొనును.

మా బాల్యమున మాతో చదివిన యొక బాలునికి పోలియో వలన ఎడమకాలు సన్నగిలెను. మే మందఱమును అతనిని ‘లంగ్డా’ అనియే పిలిచితిమి. ద్వేషముతో గాదు, అలవాటుతో. ఒకనాడు లాడ్‌బజారులో అతని తల్లి గాజులు బేరమాడుచుండగా, మేము దూరమునుండి ఆ పేరుతోనే కేక వేసితిమి. అతడు వెంటనే ‘వచ్చుచున్నాను’ అని పలికెను. ఆమె చేతిలోని గాజులను దుకాణదారునకు తిరిగి యిచ్చి, దగ్గఱకు వచ్చిన మమ్ము జూచి, ‘వానికి మేము పెట్టిన పేరు మీకు తెలియదా, నాయనా?’ అని మాత్రము అడిగెను. మేము బదులు చెప్పలేకపోతిమి. నాటినుండి ఆ మాట మా నోట రాలేదు.

2014 మార్చి 27న ప్రపంచ ఆరోగ్య సంస్థ, మన దేశముతో గూడిన ఆగ్నేయాసియా ప్రాంతమునుండి పోలియో తొలగినదని ప్రకటించెను. రోగమును తఱుముటకు మందు దొరికినది. ఎగతాళి పేరును తఱుముటకు మాత్రము మన నాలుకయే మందు.

సంస్కృతమున కుంటివానికి ‘పంగువు’ అని పేరు. శనిగ్రహమునకును ఆ పేరు కలదు. మెల్లగా నడచువాడు గనుకనే అతడు శనైశ్చరుడు. సూర్యుని ఒకసారి చుట్టుటకు అతనికి సుమారు 29½ సంవత్సరములు పట్టును. కాని ఆ గ్రహమున లోపమేమియు లేదు. సూర్యునినుండి అతని దూరము భూమి దూరమునకు సుమారు 9½ రెట్లు. దారియు అంత పొడవైనది. అంత దూరమున సూర్యుని ఆకర్షణ తక్కువ గనుక వేగమును తక్కువ. దారి యెఱుగనివారు అతనిని కుంటివాడనిరి.

బాలబాలికలారా! మీ తరగతిలో మెల్లగా నడచువా డెవడైన నున్నచో, అతని దారి మీ దారికంటె పొడవైనదని తలంపుడు. అతనిని తల్లిదండ్రులు పెట్టిన పేరుతో పిలువుడు. పిలిచి, అతడు వచ్చు వఱకు నిలువుడు.