నిర్ణయం మనది, పందెం గవ్వలది

గెలిచినవాడిది తెలివి, ఓడినవాడిది తెలివితక్కువతనం అనే లెక్క మన ఊళ్ళలో బాగా పాతుకుపోయింది. ఉయ్యాలవాడ, కోయిలకుంట్ల, సంజామల వైపు నల్లరేగడి భూముల్లో శనగ వేసే రైతుల మాటలు వింటే ఈ సంగతి తెలుస్తుంది. పంట చేతికి రాగానే అమ్మేసినవాడు ఒకరు, గోదాములో పెట్టి ధర కోసం ఆగినవాడు ఒకరు. ధర పెరిగిందా, ఆగినవాడు మొనగాడు. పడిపోయిందా, అదే మనిషి ఆశపోతు. ఆలోచన మారలేదు, చేసిన పని మారలేదు, బజారు ధర మారేసరికి బిరుదు మారిపోయింది. ఆగాలని అతను ఎందుకనుకున్నాడు, అప్పటికి అతనికి తెలిసిందేమిటి, ఇంటి మీద అప్పెంత ఉంది అని అడిగేవాళ్ళు మాత్రం కనపడరు.

మంచి నిర్ణయం వేరు, మంచి ఫలితం వేరు. ఈ రెండింటినీ విడదీసి చూడగలిగిన మనిషి ఓటమికి కుంగిపోడు, గెలుపుకు పొంగిపోడు. వ్యక్తిత్వ వికాసం మీద నేను చదివిన పుస్తకాల్లో ఈ మాట అక్కడక్కడా ఉంది. కానీ నా ఒంటికి పట్టింది మాత్రం ఆటల వల్లే. అరుగు మీద ఆడే పులి-మేక, అష్టాచెమ్మా దగ్గర మొదలుపెట్టి, కంప్యూటర్ మీద ఆడే ఏజ్ ఆఫ్ ఎంపైర్స్, సివిలైజేషన్ దాకా నాకు ఆటలంటే ప్రాణం. కాలక్షేపం కోసం మొదలైన అలవాటు ఇంత నేర్పుతుందని నేను అనుకోలేదు.

పులి-మేకతో మొదలుపెడతాను. బేతంచెర్ల నాపరాళ్ళు పరిచిన ఇళ్ళు మా వైపు ఎక్కువ. ఆ బండ మీద సుద్దముక్కతో త్రికోణం గీసి, పైనుంచి గీతలు దించి, అడ్డగీతలు కొడితే పటం సిద్ధం. మూడు పులులకు మూడు గులకరాళ్ళు, పదిహేను మేకలకు పదిహేను చింతగింజలు. కొన్ని ఊళ్ళలో పులుల లెక్క, గీతల లెక్క కాస్త మారుతుంది. మేకల్ని ఒక్కొక్కటిగా పటం మీద పెట్టాలి. అన్నీ దిగేదాకా ఏ మేకా కదలకూడదు. పులి మాత్రం మొదటి నుంచీ తిరుగుతుంది. మేక పక్కనే పులి ఉండి, అదే గీతలో మేక వెనక చోటు ఖాళీగా ఉంటే పులి దూకి దాన్ని మింగేస్తుంది. మేకకు పులిని చంపే శక్తి లేదు. అన్ని పులులకూ కదిలే దారి లేకుండా కట్టేయడమే దాని గెలుపు.

కొత్తగా ఆడేవాడు పులుల్ని కోరుకుంటాడు. ఆట ఎరిగినవాడు మేకల్ని అడుగుతాడు. ఎందుకంటే మేకలతో ఆడేవాడికి ప్రతి గింజ దగ్గరా ఒక ప్రశ్న వేసుకోక తప్పదు: దీని వెనక ఎవరున్నారు? వెనక ఖాళీ ఉన్న మేక పులి నోట్లో ఉన్నట్టే. అంచున పెట్టిన మేకకు బయటి వైపు చోటే ఉండదు కాబట్టి లోపలి నుంచి దాని మీదుగా దూకడం కుదరదు. అందుకే తెలిసినవాళ్ళు అంచుల నుంచి ఒకదానికొకటి ఆనుకునేలా పేర్చుకుంటూ లోపలికి వస్తారు. తొందరపడి పులికి ఎదురుగా మధ్యలో గింజ పెట్టినవాడు ఆట సగం కాకముందే నాలుగైదు మేకలు పోగొట్టుకుంటాడు. ఈ ఆటలో అదృష్టానికి చోటు లేదు. గవ్వ లేదు, పాచిక లేదు, దాచిన ముక్క లేదు. అంతా ఎదురుగానే ఉంటుంది. ఓడితే ఎక్కడ ఓడామో వేలుపెట్టి చూపించవచ్చు. సాకు చెప్పుకునే దారి లేని ఆట పిల్లల చేత మొదట ఆడించాలని నేను గట్టిగా నమ్ముతాను. తన తప్పు తనకు కనపడే చోట కూర్చోవడం ఎంత చిన్న వయసులో అలవాటైతే అంత మంచిది.

అష్టాచెమ్మా దగ్గరికి వస్తే కథ మారిపోతుంది. అయిదు నిలువు, అయిదు అడ్డం గడులు, నాలుగు గవ్వలు. గవ్వలు లేకపోతే చింతగింజను బండ మీద అరగదీసి ఒక వైపు తెల్లగా చేసుకునేవాళ్ళం. ఒకటి వెల్లకిలా పడితే ఒకటి, రెండు పడితే రెండు, మూడు పడితే మూడు, నాలుగూ వెల్లకిలా పడితే చెమ్మ, నాలుగూ బోర్లా పడితే అష్ట. ఇది అదృష్టం ఆట అని చాలామంది తీసిపారేస్తారు. మా జేజి మాత్రం కాయ జరిపేముందు కాసేపు ఆగేది. "వాడి కాయకు రెండిళ్ళ ముందర కూర్చోవద్దురా నాయనా, లేపేస్తాడు" అనేది. ఆమె లెక్కలు చదువుకోలేదు. నేను పెద్దయ్యాక కాగితం మీద వేసి చూశాను. నాలుగు గింజలు పడే తీరులు మొత్తం 16. అందులో రెండు వచ్చేవి 6. ఒకటికి 4, మూడుకు 4, చెమ్మకు ఒకటి, అష్టకు ఒకటి. గింజ రెండు వైపులా సమంగా పడితే, అన్నిటికంటే ఎక్కువగా పడే పందెం రెండే. జేజి మాట అక్షరాలా నిజం.

అంటే పందెం మన చేతిలో లేకపోయినా కాయను ఎక్కడ కూర్చోబెట్టాలన్నది మన చేతిలోనే ఉంది. రెండిళ్ళ ముందు కూర్చున్నా ఒక్కోసారి కాయ బతికిపోతుంది. బతికింది కదా అని అది మంచి ఎత్తు అయిపోదు. నాలుగిళ్ళ దూరంలో జాగ్రత్తగా కూర్చున్నా ఒక్కోసారి చెమ్మ పడి కాయ పోతుంది. పోయింది కదా అని అది చెడ్డ ఎత్తూ కాదు. శనగల రైతు విషయంలో ఊరు పొరబడేది సరిగ్గా ఇక్కడే. ఉద్యోగం మారినవాడిని, పోటీ పరీక్షకు రెండేళ్ళు కేటాయించిన పిల్లను, బోరు వేయించిన రైతును మనం తూకం వేసేది పడిన పందెంతోనే. కూర్చున్న చోటును చూడం.

జర్మనీవాడైన క్లాస్ టాయ్‌బర్ 1995లో తెచ్చిన కాటాన్ అనే బల్ల మీది ఆట ఇదే దారిలో ఇంకో అడుగు వేయిస్తుంది. రెండు పాచికలు వేస్తే 36 తీరులు. ఏడు పడేవి ఆరు, ఆరు గానీ ఎనిమిది గానీ పడేవి అయిదేసి, రెండు లేదా పన్నెండు పడేది ఒక్కొక్కటే. ఇళ్ళు ఎక్కడ కట్టుకోవాలో ఈ లెక్కే చెబుతుంది. అయితే కాటాన్‌లో నాకు బాగా నచ్చేది పాచికలు కాదు, బేరం. ఒకరి దగ్గర ఇటుక ఉంటుంది, గొర్రెల ఉన్ని ఉండదు. ఇంకొకరి దగ్గర ధాన్యం ఉంటుంది, కలప ఉండదు. నాకేం కావాలో గట్టిగా అరిచేవాడికి సాధారణంగా ఏమీ దొరకదు. ఎదుటివాడి ఇంటి పని ఎక్కడ ఆగిపోయిందో గమనించి, "నీకు ఉన్ని కావాలి కదా" అని మొదలుపెట్టేవాడితో అందరూ బేరానికి వస్తారు. అన్యాయపు బేరం ఒకసారి చెల్లుతుంది, ఆ తర్వాత బల్ల చుట్టూ ఉన్నవాళ్ళు అతనితో మాట్లాడటం మానేస్తారు. సంధి, సర్దుబాటు, మాట నిలబెట్టుకోవడం ఇంత త్వరగా, ఇంత చవకగా నేర్పే బడి నాకు ఇంకోటి తెలియదు.

ఇక కంప్యూటర్ ఆటలు. ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ రెండో భాగం 1999లో వచ్చింది. నంద్యాల నెట్ సెంటర్లలో గంటకింత అని డబ్బు కట్టి ఆడిన తరం ఇప్పుడు నడివయసుకు వచ్చింది. మామూలుగా ఆట మొదలయ్యేటప్పుడు చేతిలో ముగ్గురు పల్లెజనం, ఒక వేగు గుర్రం, కాస్త తిండి, కలప, బంగారం, రాయి ఉంటాయి. చుట్టూ చీకటి. అవతలివాడు ఎక్కడున్నాడో, ఏం కూడబెడుతున్నాడో కనపడదు. తిండి 500 కూడగానే తర్వాతి యుగానికి వెళ్ళాలా, ఇంకొంతమంది పనివాళ్ళను పెంచుకోవాలా? సైన్యం మీద పెట్టాలా, పొలాల మీద పెట్టాలా? పూర్తిగా తెలిసేదాకా ఆగితే కాలం దాటిపోతుంది. ఏమీ తెలియకుండా దూకితే ఇల్లు కూలిపోతుంది. వేగు గుర్రాన్ని పంపి కొంత తెలుసుకుని, మిగతాది ఊహించి, అడుగు వేయాలి. పులి-మేక కన్నా, అష్టాచెమ్మా కన్నా బతుకుకు దగ్గరగా ఉండేది ఈ మసక చీకటి ఆటే.

ఈ ఆటలో చాలామంది ఓడేది శత్రువు బలం వల్ల కాదు. ఖజానాలో కలప, బంగారం వేలకు వేలు మూలుగుతూ ఉండగా ఓడిపోతారు. ఖర్చు పెట్టడానికి భయం, ఇంకా కూడాలన్న ఆశ. వాడని బంగారం కోటను కాపాడదు. మనలో ఎంతమంది నేర్చిన విద్యను, ఉన్న పరిచయాలను, ఒంట్లోని సత్తువను "ఇంకా టైం రాలేదు" అంటూ దాచిపెట్టుకుని కూర్చున్నారో ఒకసారి చుట్టూ చూడండి.

ఇంకో మేలు ఉంది. ఆడిన ఆట మొత్తం రికార్డు అవుతుంది, తర్వాత దాన్ని ఎదుటివాడి వైపు నుంచి చూడవచ్చు. నాకు ఈ అలవాటు ఇచ్చినంత చదువు ఏ ఉపన్యాసమూ ఇవ్వలేదు. మనం ఇక లాభం లేదని చేతులెత్తేసిన క్షణంలో అవతలి వైపు చూస్తే, వాడి దగ్గరా నలుగురు సైనికులే మిగిలి ఉంటారు. వాడూ మనల్ని చూసి బెదురుతూనే ఉంటాడు. ఎదుటివాడి కొరత మనకు కనపడదు, మన కొరత మాత్రం మనకు కొండంత కనపడుతుంది. ఇంటర్వ్యూకు వెళ్ళే పిల్లలకు నేను మొదట చెప్పే మాట ఇదే.

చదరంగంలో దీనికి గొప్ప సాక్ష్యం ఉంది. చెన్నైలోని తెలుగు కుటుంబంలో పుట్టిన గుకేశ్ 2024లో సింగపూర్‌లో డింగ్ లిరెన్‌తో ప్రపంచ కిరీటం కోసం ఆడాడు. మొదటి ఆటే తెల్లపావులతో ఓడాడు. మూడో ఆట గెలిచాడు, పదకొండో ఆట గెలిచాడు, పన్నెండో ఆట ఓడాడు. చివరిదైన 14వ ఆట డిసెంబరు 12న జరిగింది. అందరూ డ్రా అనుకున్నారు. పావులు తగ్గిపోయాయి, గుకేశ్‌కు ఒక బంటు మాత్రమే ఎక్కువ. అయినా అతను లేవలేదు. ఒత్తిడి పెంచుతూ కూర్చున్నాడు. 55వ ఎత్తులో డింగ్ ఏనుగును తప్పు గడిలో పెట్టాడు. 18 ఏళ్ళకే గుకేశ్ ప్రపంచ విజేత అయ్యాడు. డింగ్ తప్పు చేస్తాడన్న హామీ గుకేశ్‌కు ఎవరూ ఇవ్వలేదు. ఆడుతూ ఉండటమే మంచి నిర్ణయం, కిరీటం దాని ఫలితం. డింగ్ తప్పు చేయకపోయినా ఆ నిర్ణయం మంచిదే అయ్యేది. గుడివాడ అమ్మాయి కోనేరు హంపి తల్లి అయ్యాక కొంతకాలం ఆటకు దూరమై, తిరిగి వచ్చి 2019లో మహిళల ప్రపంచ ర్యాపిడ్ టైటిల్ గెలిచింది, 2024లో మళ్ళీ గెలిచింది. విరామం తీసుకున్న ఆడపిల్లను "ఇక అయిపోయింది" అనే నోళ్ళకు ఇంతకన్నా జవాబు అక్కర్లేదు.

ఒక హెచ్చరిక చేయకపోతే తప్పవుతుంది. డబ్బు పందెం కట్టే యాప్‌లను నేను ఈ ఆటల వరుసలో కూర్చోబెట్టను. అక్కడ ఓటమి నుంచి నేర్చుకునే వ్యవధి ఉండదు, పోయింది రాబట్టుకోవాలన్న మంట మాత్రం ఉంటుంది. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో వీటి మీద నిషేధం తెచ్చాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ చట్టం చేసింది. అది మంచి పని. డబ్బు లేని ఆటకూ హద్దు కావాలి. సివిలైజేషన్ ఆడేవాళ్ళకు "ఇంకొక్క టర్న్" అనుకుంటూ తెల్లవారడం తెలిసిన సంగతే. ఎప్పుడు లేవాలో కూర్చునేముందే నిర్ణయించుకోవాలి. కూర్చున్నాక ఆ నిర్ణయం మన చేతిలో ఉండదు.

మాది ఉయ్యాలవాడ వైపు అనగానే ఎవరైనా నరసింహారెడ్డి పేరే ఎత్తుతారు. 1846లో కోయిలకుంట్ల ఖజానా మీద దాడి చేసి కంపెనీ ప్రభుత్వాన్ని ఎదిరించిన మనిషి ఆయన. 1847 ఫిబ్రవరి 22న అదే కోయిలకుంట్లలో ఆయనను జనం ముందు ఉరి తీశారు. ఆయన తలను ఏళ్ళ తరబడి కోటలో వేలాడదీశారు. ఫలితంతోనే తూకం వేస్తే ఆయన ఓడిన మనిషి. ఈ నేల మీద ఒక్కరు కూడా అలా తూకం వేయరు. శనగల రైతు విషయంలో మరిచిపోయే న్యాయం నరసింహారెడ్డి విషయంలో మన అందరికీ గుర్తుంటుంది. ఒక ఆటలో పోయిన మేకను తర్వాతి ఆటలో మళ్ళీ పటం మీద పెట్టుకుంటాం, సేవ్ చేసిన చోటు నుంచి మళ్ళీ మొదలుపెడతాం. ఆయనకు ఆ వీలు లేదు. ఆటను యుద్ధంతో సమానం చేసి మాట్లాడేవాళ్ళు ఈ తేడాను మరిచిపోకూడదు.

నేను పాటించే పద్ధతి ఒకటి చెబుతాను. ఒక నోటుపుస్తకం పెట్టుకోండి. పెద్ద నిర్ణయం తీసుకున్న రోజున, ఫలితం తెలియకముందే, మూడు సంగతులు రాయండి: ఈ రోజుకు నాకు తెలిసిందేమిటి, నేను ఎంచుకున్నదేమిటి, ఎందుకు. కింద కొంత జాగా వదలండి. ఫలితం వచ్చాక అక్కడ అది రాయండి. పైన రాసిన దాన్ని దిద్దకండి. ఇదే కీలకం. ఫలితం వచ్చాక మన జ్ఞాపకం మారిపోతుంది, "నాకు ముందే తెలుసు" అంటుంది. రాసి పెట్టిన అక్షరం మారదు. కొన్ని పేజీలు నిండేసరికి మీరు ఎక్కడ తొందరపడతారో, ఎక్కడ భయపడతారో, ఎక్కడ ఇతరుల మాట విని మీ మాట వదిలేస్తారో మీకే కనపడుతుంది.

చివరగా బడి పంతుళ్ళకు, తల్లిదండ్రులకు ఒక విన్నపం. ఆళ్ళగడ్డ, కోయిలకుంట్ల చుట్టుపక్కల బళ్ళలో వారానికి ఒక పూట పులి-మేక, అష్టాచెమ్మా, చదరంగం ఆడించండి. ఆట ముగిశాక ఎవరు గెలిచారని అడగకండి. "ఆ ఎత్తు ఎందుకు వేశావు?" అని అడగండి. పిల్ల చెప్పేది చివరిదాకా వినండి.